‘శ్రమించే చేతులు’ పోటీకి మగ్గం ఫొటో: ట్యూబ్‌లైటు చారలు, అలుక్కుపోయే చేతులు

బరంపురం_బాట
అందరికీ నమస్కారం. పోటీ అంశం ‘శ్రమించే చేతులు’. మనిషికి ఒక్కటే ఫొటో. పొడవు వైపు 2400 పిక్సెళ్లు, ఫైలు 2 ఎంబీ దాటకూడదు. క్రాపింగ్, వెలుతురు, రంగు సర్దుబాటు వరకే అనుమతి. దేన్నీ చెరపకూడదు, అతికించకూడదు. ఎంపికైతే రా ఫైలు (కెమెరా మార్పులు చేయకుండా దాచే ముడి ఫైలు) చూపించాలి, ఆ ఫొటోని 12×18 అంగుళాల ప్రింటు వేస్తారు.

బరంపురం పట్టు నేసే గుంట మగ్గం తీయాలని ఆలోచన. గదికి ఒక్కటే కిటికీ, తలపైన ట్యూబ్‌లైటు. 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేము కంటే చిన్న సెన్సర్) కెమెరా, 18-55 కిట్ లెన్సు, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు ఉన్నాయి. తంటాలు మూడు: ఫొటోకి అడ్డంగా నల్లటి చారలు పడుతున్నాయి, చేతులు అలుక్కుపోతున్నాయి, ఎర్ర పట్టు పోగులే కనిపించకుండా ముద్దగా వస్తోంది. పైగా ఏ కోణంలో పెట్టినా చేతులకంటే చీరే ముందు కంటికి ఆనుతోంది. మగ్గమంతా చూపించాలా, చేతులు చాలా?

మహేంద్రతనయ
చారల సంగతి ముందు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటైనా, చవక ఎల్‌ఈడీ అయినా సెకనుకి 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. షట్టరు స్పీడు 1/250, 1/500 సెకను పెడితే షట్టరు ఫ్రేము మీదుగా జరిగే లోపు లైటు ఒకసారి డిమ్ అయిపోతుంది, ఆ భాగమే చారగా పడుతుంది. సైలెంట్ షట్టరు ఆన్‌లో ఉంటే మరీ ఘోరం, మెకానికల్‌కి మార్చండి. లైటు ఆర్పడం కుదరకపోతే 1/50 లేదా 1/100 దగ్గరే ఉండండి. కుదిరితే మాత్రం నేతగాడిని అడిగి ఆ లైటు ఆర్పించండి, అసలు మందు అదే. కిటికీ వెలుగు ఒక రంగు, ట్యూబ్‌లైటుది ఇంకో రంగు. రెండూ కలిస్తే ఒక చెయ్యి నీలంగా, ఒక చెయ్యి పచ్చగా వస్తుంది, ఏ వైట్ బ్యాలెన్సూ రెండింటినీ ఒకేసారి సరిచేయలేదు.

లైటు ఆర్పాక కిటికీకి మీటరు, మీటరున్నర దూరంలో ఉన్న మగ్గానికి అపర్చరు (లెన్సు రంధ్రం, అంకె తగ్గితే పెద్దదవుతుంది) ఎఫ్ 2.8, ఐఎస్ఓ (వెలుగుని పెంచి చూపే సెట్టింగు) 1600, షట్టరు 1/125 దగ్గర మొదలుపెట్టండి. మబ్బు పట్టిన రోజైతే 3200కి వెళ్లండి, భయం లేదు. తక్కువ ఐఎస్ఓలో చీకటిగా తీసి తర్వాత లాగితే, అందులోనూ జేపెగ్‌లో, నీడల్లో మచ్చలు లేస్తాయి. కిటికీకి ఎదురుగా, చేతులకి అర మీటరు దూరంలో రెండడుగుల తెల్ల థర్మాకోల్ షీటు నిలబెడితే నీడ వైపు చెయ్యి బయటపడుతుంది. ఫ్లాష్ వద్దు. జరీ మీద తెల్లటి మంట లేస్తుంది, నేసేవాళ్ల కళ్లకీ ఇబ్బంది.

ఎర్ర పట్టు ముద్దవడానికి కారణం రెడ్ ఛానల్ (ఫొటోలోని ఎరుపు పాలు) నిండిపోవడం. మామూలు హిస్టోగ్రామ్‌లో (వెలుగు పంపకాన్ని చూపే గ్రాఫు) అంతా బాగున్నట్టే ఉంటుంది, మూడు రంగులూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ తెరిస్తే ఎరుపు కుడి గోడకి గుద్దుకుని కనిపిస్తుంది. ఎక్స్‌పోజరు ఒక స్టాపులో (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది) మూడింట రెండు వంతులు తగ్గించి రా ఫైలు తీయండి. ఎడిటింగ్‌లో శాచురేషన్ పెంచకండి, ఎరుపు ఒక్కదాన్ని కొద్దిగా తగ్గించండి. అంచులో కుంభం (గుడి గోపురం ఆకారపు నేత) వరస పళ్లు విడివిడిగా కనబడేవరకు తగ్గిస్తే చాలు. జరీ మెరుపు తగ్గించడానికి పోలరైజర్ కొనకండి. అది గాజు, నీళ్ల మీది మెరుపునే కోస్తుంది, లోహం మీది మెరుపుని ముట్టుకోదు. పైగా ఆ చీకటి గదిలో స్టాపున్నర వెలుగు మింగేస్తుంది.

గునుపురం_గాజుకన్ను
వెలుతురు గురించి పైన చెప్పింది సరిగ్గా ఉంది. ఫోకస్ సంగతి నేను చెప్తాను, చేతుల ఫొటోలు చెడేది అక్కడే. క్రాప్ సెన్సర్ మీద 50 ఎంఎం లెన్సుతో మీటరు దూరం నుంచి ఎఫ్ 1.8లో తీస్తే స్పష్టంగా ఉండేది సుమారు 3 సెంటీమీటర్ల మందం. బొటనవేలు బాగుంటే చిటికెనవేలు మసక. ఎఫ్ 4కి వెళ్తే 6 సెంటీమీటర్లు. రెండు చేతులూ ముందూ వెనకా ఉంటే ఏ అపర్చరూ ఆదుకోదు. అందుకని కెమెరాని రెండు చేతులకీ సమాన దూరంలో, అంటే పేక (అడ్డ) దారానికి సమాంతరంగా పెట్టుకోండి. గుంట మగ్గంలో మనిషి కూర్చునేది నేల మట్టంలో. మీరూ నేల మీద కూర్చోండి, లెన్సు నేల నుంచి రెండడుగుల ఎత్తులో ఉంటే సరిపోతుంది. నిలబడి కిందికి తీస్తే చీర ఫ్రేమంతా పరుచుకుంటుంది. చీర ముందు ఆనడానికి కారణం అదే.

చేతులు అలుక్కుపోవడానికి షట్టరు స్పీడు ఒక్కటే కారణం కాదు, నొక్కే క్షణం కూడా. నాడెని (పేక దారాన్ని అటూ ఇటూ మోసే పరికరం) విసిరే తాడు లాగిన చెయ్యి చివర్లో ఒక్క క్షణం ఆగుతుంది. పలకని (పేకని బిగించే చట్రం) ముందుకి లాగి పేకని కొట్టిన క్షణంలోనూ అంతే. ఆ ఆగిన చోట 1/60 ఉన్నా చెయ్యి పదునుగా వస్తుంది, మధ్యలో నొక్కితే 1/200 అయినా చాలదు. ముందు కాసేపు కెమెరా పక్కన పెట్టి ఆ తాళం వినండి. లయ చెవికి పట్టాక, దెబ్బ పడబోయే ముందే బర్స్ట్ (వరసగా ఫొటోలు తీయడం) మొదలుపెట్టండి.

నా ఓటు 1/30కే. చెయ్యి ఆగి, నాడె గీతలా సాగితే అక్కడ పని జరుగుతోందని తెలుస్తుంది. 1/500లో నాడె గాల్లో వేలాడుతున్న వస్తువులా ఉంటుంది, శ్రమ కనబడదు. ట్రైపాడ్ కాళ్లు మగ్గం చట్రానికి తగలకుండా చూసుకోండి, ప్రతి దెబ్బకీ అదురు వస్తుంది.

మహేంద్రతనయ
1/30 విషయంలో నాది వేరే అభిప్రాయం. 12×18 ప్రింటు దగ్గర నిలబడి చూస్తారు. వేళ్ల గీతలు, గోళ్లలో చిక్కిన రంగు, దారం మీద వేలి ఒత్తిడి, ఇవే ఆ ప్రింటుకి ప్రాణం. 1/125 కిందికి పోతే అవి పోతాయి.

గునుపురం_గాజుకన్ను
అలాగైతే రెండు రకాలూ తీసి, తెర మీద కాదు, 8×12 పరీక్ష ప్రింటు వేయించి ఎంచుకోమనండి.

ఇక అసలు ప్రశ్న. మగ్గమంతా వద్దు. అంశం మగ్గం కాదు, చేతులు. జడ్జీలు మొదటి రౌండులో ఒక్కో ఫొటో ముందు కొన్ని సెకన్లే ఆగుతారు. మీ ఫొటోని ఫోన్ తెర మీద బొటనవేలి గోరంత చేసి చూడండి. అప్పుడు కూడా ‘చెయ్యి, అది చేసే పని’ తెలియాలి. తెలియకపోతే ఎంత మంచి శీర్షిక రాసినా ఆ ఫొటో నిలబడదు. ముఖం ఫ్రేములో ఉంటే కళ్లు అటే పోతాయి. ఉంచాలనుకుంటే చేతులకంటే స్టాపున్నర చీకట్లో ఉండాలి, లేదా గడ్డం దగ్గర ఆపేయండి. నల్లటి వెనకభాగం మీద ముడతల చేతులు, కుమ్మరి సారె మీద తడి చేతులు ఇలాంటి పోటీలకి కుప్పలుగా వస్తాయి. ముడతలు వయసుని చెప్తాయి, శ్రమని కాదు. తెగిన పోగుని కుంభం అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టి ముడేసే క్షణం తీయండి. చెయ్యి అక్కడ దానంతటదే నిలకడగా ఉంటుంది, పనీ తెలుస్తుంది, ఊరూ తెలుస్తుంది.

కిమిడి_కొమ్ము
నా దగ్గర ఫోనే ఉంది. పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మల పని తీయాలని ఉంది. ఫోన్‌తో వీలవుతుందా?

ఇచ్ఛాపురం_తెర
వీలవుతుందండీ, కొమ్ము పనికి ఫోను చక్కగా సరిపోతుంది. ముందు లెన్సు తుడవండి, కొమ్ము ఆకురాయితో రాస్తున్నప్పుడు లేచే పొడి మెత్తగా అంటుకుంటుంది. నైట్ మోడ్ ఆపేయండి. అది చాలా ఫ్రేముల్ని కలిపి ఒకటి చేస్తుంది, కదిలే వేళ్లకి దెయ్యం నీడలు వస్తాయి. పోర్ట్రెయిట్ మోడ్ వేళ్ల సందుల్ని తప్పుగా కోస్తుంది, అది కూడా వద్దు. మెయిన్ కెమెరా 1ఎక్స్, ప్రో మోడ్, షట్టరు 1/100, ఐఎస్ఓ 800 లోపు, వీలుంటే రా ఫైలు. దగ్గరగా చూపించాలంటే జూమ్ లాగకండి, మీరే దగ్గరికి వెళ్లండి. పలచగా అరగదీసిన కొమ్ముని వెలుగు వైపు పట్టి పరీక్షిస్తారు చూడండి, ఆ క్షణం వదలొద్దు. వెనక నుంచి వెలుగు దూరి తేనె రంగు వస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజరుని కొమ్ము మీద లాక్ చేయండి. లేకపోతే ఫోను వేళ్లని వెలిగించడానికి కొమ్ముని తెల్లగా కాల్చేస్తుంది.

బరంపురం_బాట
చాలా థాంక్స్ అందరికీ. లైటు ఆర్పించాను, చారలు పోయాయి. ఇప్పుడు 2400 పిక్సెళ్లకి తగ్గిస్తే పట్టు మీద అలల్లాంటి రంగు గీతలు కనిపిస్తున్నాయి. ఒరిజినల్‌లో లేవు.

ఇచ్ఛాపురం_తెర
అది మొయిరే. సన్నని పోగుల వరస, పిక్సెళ్ల వరస ఒకదాని మీద ఒకటి పడితే వస్తుంది. తగ్గించేటప్పుడే వచ్చింది కాబట్టి తేలికగానే పోతుంది. షార్పెనింగ్ ముందు చేయకండి, సైజు తగ్గించాక కొద్దిగా చేయండి. అప్పటికీ పోకపోతే అర అడుగు వెనక్కి జరిగి, లేదా కొద్దిగా వంపుగా తీసిన ఇంకో ఫ్రేము వాడండి.

క్రాపింగ్ గురించి ఒక లెక్క. 12×18 ప్రింటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) రావాలంటే 3600×5400 పిక్సెళ్లు కావాలి. మీ కెమెరా ఇచ్చేది 4000×6000. అంటే పొడవులో, వెడల్పులో పదో వంతు కంటే ఎక్కువ కోయడానికి లేదు. 200 డీపీఐకి ఒప్పుకుంటే ఐదింట రెండు వంతుల దాకా కోయొచ్చు, గోడ మీద పెట్టి చూసే ప్రింటుకి అది ఫరవాలేదు. ఫ్రేము తీసేటప్పుడే బిగించండి.

ఎక్స్‌పోర్ట్ ఎస్‌ఆర్‌జీబీలో (మామూలు తెరలు వాడే రంగుల పద్ధతి), జేపెగ్ క్వాలిటీ 85 దగ్గర మొదలెట్టి 2 ఎంబీ లోపుకి దించండి. అడోబ్ ఆర్‌జీబీలో పంపితే వాళ్ల తెర మీద మీ ఎరుపు చప్పగా కనిపించే ప్రమాదం ఉంది. ఫొటో మీద పేరు, సంతకం లాంటివి వేయకండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు కుదించేస్తుంది, కెమెరా వివరాలూ పోతాయి. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి.

నేతగాడి దగ్గర ఒక కాగితం రాయించుకోండి: ఫొటో పోటీకి, ప్రదర్శనకి వాడుకోవడానికి ఒప్పుకుంటున్నానని, తేదీ, సంతకం. ముఖం లేకపోయినా సరే, చేతులు ఆయనవి. తెలుగు ఇంట్లో తెలుగులోనే రాయండి, ఒడియా వాళ్లయితే ఒడియాలో. చదివి వినిపించాకే సంతకం అడగండి. ప్రింటు వేయించేటప్పుడు ఇంకోటి కలిపి వేయించి ఆయనకి ఇవ్వండి. మగ్గం దగ్గర పిల్లలు చెయ్యి వేస్తుంటే మాత్రం ఆ ఫ్రేము పోటీకి వద్దు.