ఏకగ్రీవమా, ఏకకంఠమా? 1776 ప్రకటన శీర్షిక గురించి

అరసున్న: అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకి ఎప్పుడో చదివిన తెలుగు సేత బుర్రలో తిరుగుతోంది. "పదమూడు సంయుక్త రాష్ట్రముల ఏక... ప్రకటన". ఖాళీలో గ్రీవమా, కంఠమా? ఆ వెంటనే వచ్చే వాక్యం ఎవరికైనా గుర్తుందా?

యతిమైత్రి: కంఠమే అయ్యుండాలి. గ్రీవమంటే మెడ, పలికేది కంఠం. పైగా 'ఏకకంఠ' రెండు హగణాలు (గురువు-లఘువు జంటలు), ఆటవెలది ఎత్తుగడకి చక్కగా అమరుతుంది. 'ఏకగ్రీవ'లో గ్రీ దెబ్బకి క కూడా గురువై వరసగా మూడు గురువులు. వేమన చేతికిచ్చినా దాంతో పాదం ఎత్తలేడు.

గోదారిగట్టు: శీర్షిక పద్యం కాదు కదండీ. అసలు జులై 4 రాత్రి ముద్రాపకుడు డన్లప్ అచ్చువేసిన ప్రతిలో ఆ 'యునానిమస్' మాటే లేదు. ఉండే వీలూ లేదు. జులై 1న ఫిలడెల్ఫియా సభలో స్వాతంత్ర్యానికి పదమూడు బ్రిటిష్ వలసల్లో తొమ్మిదే ఔనన్నాయి. పెన్సిల్వేనియా, దక్షిణ కరొలైనా కాదన్నాయి. వలసకి ఒక్కటే ఓటు. హాజరైన డెలవేర్ ప్రతినిధులిద్దరూ చెరోవైపు ఉండటంతో దాని ఓటు చెల్లలేదు. న్యూయార్క్ వాళ్లకి సొంత వలస నుంచి అనుమతి రాలేదు. రాత్రంతా గుర్రం మీద వచ్చిన మూడో ప్రతినిధి సీజర్ రాడ్నీతో మర్నాడు డెలవేర్ తేలింది. తన ప్రతినిధుల్లో డికిన్‌సన్, రాబర్ట్ మారిస్ ఓటుకి దూరంగా ఉంటే పెన్సిల్వేనియా 3-2తో ఒప్పుకుంది. దక్షిణ కరొలైనా మెత్తబడింది. మొత్తం 12-0.

తాళపత్రం: అచ్చం మన సర్పంచి ఏకగ్రీవం! ఎదురు లేదు, అంతే. గ్రీవానికే నా ఓటు.

గోదారిగట్టు: ఆగండి. న్యూయార్క్ జులై 9న వైట్ ప్లెయిన్స్‌లో ఆమోదించింది, కబురు 15న ఫిలడెల్ఫియా సభకి అందింది. 19న చర్మపత్రం మీద రాయించమని తీర్మానిస్తూ అప్పుడు చేర్చారు ఆ విశేషణాన్ని. ఎదురు లేకపోవడం కాదది, పదమూడూ ఔననడం.

యతిమైత్రి: అదే కంఠం!

తాళపత్రం: ఆగస్టు 2న సంతకాలు మొదలయ్యాయి. రాజద్రోహానికి శిక్ష మరణం. మెడలొడ్డినవాళ్ల కాగితానికి గ్రీవం తగదా?

యతిమైత్రి: చమత్కారమే, వ్యుత్పత్తి కాదు. దశగ్రీవుడి లెక్కన ఏకగ్రీవుడంటే ఒంటితలవాడు.

గోదారిగట్టు: దానికన్నా 'రాష్ట్రముల' దగ్గరే నాకు పేచీ. చర్మపత్రం శీర్షికలో 'యునైటెడ్' చిన్నక్షరంతో ఉంది, పేరులో భాగంలా లేదు. రాష్ట్రమంటే పైన కేంద్రం ఉండాలి. పదమూడింటినీ కలిపే సమాఖ్య ఒడంబడికే 1781 దాకా అమల్లోకి రాలేదు. 'ఏకమైన పదమూడు రాజ్యాలు' అనాలి.

యతిమైత్రి: రాజుని వదిలించుకున్నవాళ్లకి రాజ్యాలా?