వారంటీలోనే మూడుసార్లు చెడిన ఫ్రిజ్: కేసు ఎక్కడ, ఎలా వేయాలి?

ప్రశ్న:
38,000 రూపాయల ఫ్రిజ్. ఏడాది వారంటీ ఇంకా ఉంది. ఈలోపే మూడుసార్లు కూలింగ్ ఆగిపోయింది, రెండుసార్లు గ్యాస్ నింపారు. మార్చి ఇమ్మంటే షాపు వాళ్లు కంపెనీని అడగమంటున్నారు, కంపెనీ మళ్లీ రిపేరే చేస్తామంటోంది. బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే ముద్ర. కొన్నది వేరే జిల్లాలో. కేసు ఎక్కడ వేయాలి? ఖర్చెంత?

జవాబు 1:
మీరుండే జిల్లాలోనే వేయొచ్చండీ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ఆ వెసులుబాటు ఇచ్చింది. వస్తువుకు కట్టిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల దాకా ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు. ఆ ముద్ర చూసి వెనక్కి తగ్గకండి, లోపమున్న సరుకు విషయంలో అది మీ హక్కును తీసేయలేదు.

జవాబు 2:
ఇలాంటి కేసులు ఎక్కువగా జాబ్ కార్డు (రిపేరుకు వచ్చినప్పుడు మెకానిక్ రాసే కాగితం) దగ్గరే దెబ్బతింటాయి. మెకానిక్ "చెక్ చేశాం, ఓకే" అని రాస్తాడు, మనం చదవకుండా సంతకం పెడతాం. పని పూర్తికాకముందే ఓటీపీ చెప్పేసినా అంతే, ఫిర్యాదు పరిష్కారమైనట్టు నమోదవుతుంది. "గ్యాస్ నింపినా కూలింగ్ రాలేదు" అని తేదీ వేసి మీ చేత్తో రాసి, ఫొటో తీసుకున్నాకే సంతకం పెట్టండి. నింపిన గ్యాస్ మళ్లీ పోయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, ఆ మాట కార్డు మీదికి ఎక్కాలి. తయారీ లోపమని తేల్చడానికి సెక్షన్ 38 కింద ల్యాబ్ పరీక్ష కోరవచ్చు. ఫీజు ముందు మీరే కట్టాలి. అందాకా బయటి మెకానిక్‌తో విప్పించొద్దు, సాక్ష్యం చెడిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసి ఉంది. అది తేలేదాకా ఆగాలా?

జవాబు 3:
ఆగొద్దు. హెల్ప్‌లైన్ రాజీ కుదర్చడానికే, తీర్పు ఇవ్వలేదు. కేసు వేయడానికి సెక్షన్ 69లోని రెండేళ్ల గడువు ఆ ఫిర్యాదు వల్ల ఆగదు. 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం అడగకపోయినా రికార్డుకు బలం. ప్రతివాదులుగా షాపునూ కంపెనీనీ ఇద్దరినీ చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. కొత్త ఫ్రిజ్, లేదా వడ్డీతో పూర్తి సొమ్ము, నష్టపరిహారం, ఖర్చులు అని విడివిడిగా కోరండి. వాట్సాప్ సందేశాలు జతచేస్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అవసరమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కూడా పెట్టండి. కమిషన్ నోటీసు అందాక అవతలివాళ్లకు జవాబు గడువు 30 రోజులు, పొడిగిస్తే మరో 15. అది దాటాక తీసుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. కాబట్టి ఫిర్యాదు ప్రతితో కమిషన్ నోటీసు వాళ్లకు అందిన తేదీ రాసిపెట్టుకోండి, 46వ రోజున ఆ అభ్యంతరం మీరే లేవనెత్తాలి.