మైకాను వదులుకున్నది క్యాప్ వల్లా, తాత్సారం వల్లా?

ఫ్రిస్కో శ్రీను:
మన డాలస్ కౌబాయ్స్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోని జట్టు) 2025 సీజన్ అయిపోయింది గానీ నా కడుపుమంట చల్లారలేదు. 7 గెలుపులు, 9 ఓటములు, ఒక టై. పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ దెబ్బ తగలకుండా ఏడాదంతా ఆడాడు, వాటిని పట్టే రిసీవర్లలో సీడీ లాంబ్ ఉన్నాడు, జార్జ్ పికెన్స్ వచ్చి చేరాడు, అయినా ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు. ఎందుకో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు సమర్పించుకున్న డిఫెన్స్ మనది. ఆ డిఫెన్స్‌కి ప్రాణం లాంటివాణ్ణి సీజన్ ఇంకో వారం ఉందనగా గ్రీన్ బే బండెక్కించాం.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. 2025 ఆగస్టు 28న పాస్ రషర్ (ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకెళ్లేవాడు) మైకా పార్సన్స్‌ని గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఇచ్చేసి 2026, 2027 డ్రాఫ్ట్‌లలో మొదటి రౌండ్ పిక్‌లూ (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతులు), డిఫెన్స్ మధ్యలో ఆడే కెనీ క్లార్క్‌నూ తెచ్చుకున్నాం. ప్యాకర్స్ అతనికి నాలుగేళ్లకి 188 మిలియన్ డాలర్లు రాసిచ్చారు. ఏడాదికి 47.

మా ఆఫీసులో లంచ్‌కి కూర్చుంటే అందరిదీ ఒకటే పాట: "డాక్‌కి 60, లాంబ్‌కి 34 ఇచ్చాక ఇంకో 47 ఎక్కడ్నుంచి తెస్తారు? సాలరీ క్యాప్ (జట్టు జీతాల మీద ఉన్న పరిమితి) ఒప్పుకోదు." నిజంగా అంతేనా? మా వాడి పుట్టినరోజుకి జూలైలోనే మైకా 11 నంబర్ జెర్సీ కొన్నాను. నాకు ఈ జవాబు తెలియాలి.

ఇర్వింగ్ రాజా:
శ్రీనన్నా, ఇంకా అదే పట్టుకుని కూర్చున్నావా? మైకా ఉన్నప్పుడు ఏం సాధించాం చెప్పు. 2021, 2022, 2023 మూడేళ్లూ 12-5. 2023 సీజన్ చివర్లో మన ఇంట్లోనే అదే ప్యాకర్స్ వచ్చి 48 కొట్టి పోయారు. ఆ రోజు మైకా మైదానంలోనే ఉన్నాడు కదా. రన్ ఆపలేని టీమ్‌కి పాస్ రషర్ ఎందుకు? మధ్యలో బండరాళ్లు కావాలి. క్లార్క్ వచ్చాడు. నవంబర్‌లో జెట్స్ నుంచి క్విన్నెన్ విలియమ్స్ వచ్చాడు. వెంటనే రైడర్స్‌ని కొట్టాం, 21-0 వెనకపడి ఈగల్స్‌ని 24-21తో కొట్టాం, థ్యాంక్స్‌గివింగ్ రోజు చీఫ్స్‌ని కొట్టాం. ఒక్కణ్ణి ఇచ్చి ఇంతమందిని తెచ్చుకుంటే ఏడుపెందుకు?

గోదారి ప్యాకర్:
మాది రాజమండ్రి, ఉండేది మిల్వాకీ. ప్యాకర్స్ వాసన పట్టినవాణ్ణి కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకుని వినండి. రాజా గారూ, సెప్టెంబర్ 28 రాత్రి ఆర్లింగ్‌టన్‌లో 40-40 టై గుర్తుందా? ఓవర్‌టైమ్‌లో మీవాళ్లు గోల్ లైన్ దగ్గర టచ్‌డౌన్‌కి రెడీగా ఉంటే డాక్‌ని వెంటాడి పట్టుకున్నదెవరు? మీవాళ్లు ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకున్నారు, మావాళ్లు ఆఖరి సెకనులో సమం చేశారు. ఒక్క ఆటలో ఒక్క శాక్ (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పట్టి పడేయడం). 47 మిలియన్లు దానికే.

ఇర్వింగ్ రాజా:
మరి డిసెంబర్‌లో డెన్వర్‌లో మోకాలు పోయింది కదండీ. మీరు కూడా ప్లేఆఫ్స్ మొదటి రౌండ్ వైల్డ్ కార్డ్‌లోనే బేర్స్ చేతిలో ఇంటికొచ్చారు. గెలిచింది ఎవరు?

గోదారి ప్యాకర్:
14 ఆటల్లో 12.5 శాక్‌లు చేశాక పోయింది. మోకాలు విరుగుతుందని ముందే తెలిసి అమ్మారని చెప్తే మీ ఓనర్ జెర్రీ జోన్స్‌కి దండం పెడతాను.

కొత్త ప్రేక్షకుడు:
క్షమించండి, నేను క్రికెట్ మనిషిని. ఐపీఎల్ వేలంలో జట్టుకి పర్సు ఉంటుంది, అయిపోతే అయిపోయినట్టే. ఇక్కడ క్యాప్ నిండిపోయిందంటారు, మళ్లీ వారానికే ఎవడికో 90 మిలియన్లు ఇస్తారు. ఇదేం లెక్క?

లెక్కల మాస్టారు:
బాబూ, మంచి ప్రశ్న. చీటీ తెలుసుగా? ఇరవై నెలల చీటీ రెండో నెలలోనే పాడుకున్నావనుకో. డబ్బు ఇవాళే చేతికొస్తుంది, వాయిదాలు మాత్రం చివరిదాకా కట్టాలి. ఎన్ఎఫ్ఎల్‌లో సైనింగ్ బోనస్ అచ్చం అంతే. ఆటగాడికి డబ్బు ఇప్పుడే ఇస్తారు, క్యాప్ పుస్తకంలో మాత్రం గరిష్ఠంగా ఐదేళ్ల మీద సమానంగా పరుస్తారు. ఒకడికి ఈ ఏడాది జీతం 30 మిలియన్లు ఉందనుకో. దాన్ని బోనస్‌గా మార్చి ఐదేళ్ల మీద పరిస్తే ఈ ఏటి పద్దులో పడేది ఆరే, 24 మిగిలాయి. ఆ 24 ఎక్కడికీ పోలేదు, రాబోయే నాలుగేళ్లలో ఆరేసి చొప్పున కూర్చుని ఉంటుంది. మధ్యలో ఆటగాణ్ణి వదిలేస్తే మిగిలిన వాయిదాలన్నీ మీద పడతాయి. డెడ్ మనీ అంటే ఇదే. మనిషి లేడు, బాకీ ఉంది.

పైగా పర్సు ఏటేటా పెరుగుతోంది. 2023లో 224.8 మిలియన్లు, 2024లో 255.4, 2025లో 279.2. 2026లో 300 దాటుతుందని అంచనా. కాబట్టి వాయిదా అదే ఉన్నా దాని బరువు ఏటా తగ్గుతూ వస్తుంది.

ఇక శ్రీను గారి ప్రశ్న. క్యాప్ ఒప్పుకోలేదన్నది వట్టిమాట. పార్సన్స్‌ని పంపేశాక మూడు రోజులకే డారన్ బ్లాండ్‌కి నాలుగేళ్లకి 92 మిలియన్లు ఇచ్చారు. సెప్టెంబర్‌లో టైలర్ స్మిత్‌కి 96. అంతకుముందు మార్చిలోనే ఓసా ఒడిగిజువాకి 80. డబ్బు ఉంది, దారీ ఉంది.

అసలు సంగతి కాలెండర్‌లో ఉంది. 2023 సెప్టెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లు తమ పాస్ రషర్ నిక్ బోసాకి ఏడాదికి 34 చొప్పున ఇచ్చారు, అప్పటికి డిఫెన్స్‌లో అదే అత్యధికం. 2024 వేసవి అంతా ధర అక్కడే నిలబడి ఉంది. మైకా మూడేళ్లు ఆడేశాడు, ఎక్స్‌టెన్షన్‌కి అర్హుడు. ఆ వేసవిలో 36కో 37కో సంతకం పెట్టించి ఉండొచ్చని నా నమ్మకం. పెట్టించలేదు. 2025 మార్చిలో మ్యాక్స్ క్రాస్బీ 35.5 తీసుకున్నాడు, వెంటనే మైల్స్ గారెట్ 40, జూలైలో టీజే వాట్ 41. ఎవడో ఒకడు సంతకం పెట్టినప్పుడల్లా మన బిల్లు పెరిగింది. చివరికి 47 దగ్గర ప్యాకర్స్ కొన్నారు. స్థలం రిజిస్ట్రేషన్ చేయించుకోమంటే మంచిరోజు కోసం చూస్తూ కూర్చుని, పక్కన రింగు రోడ్డు పడ్డాక "రేటు పెంచేశాడు" అని ఓనర్‌ని తిట్టినట్టుంది.

ఇది మొదటిసారా? డాక్ సంగతి చూడండి. 2020లో ఫ్రాంచైజ్ ట్యాగ్ (కాంట్రాక్టు అయిపోయినవాణ్ణి ఇంకో ఏడాది ఆపి ఉంచే హక్కు) వేసి నానబెట్టారు, 2021లో 160 మిలియన్లు ఇచ్చి, మళ్లీ ట్యాగ్ వేయం, నీ ఇష్టం లేకుండా ట్రేడ్ చేయం అని రాసిచ్చారు. ఆ రెండు షరతులే 2024లో మన మెడకి చుట్టుకున్నాయి. మొదటి ఆట రోజు పొద్దున 240 మిలియన్లకి సంతకం, అందులో 231 గ్యారంటీ. లాంబ్‌దీ ఆగస్టు ఆఖర్లోనే.

ఇర్వింగ్ రాజా:
మాస్టారూ, తొందరపడి ఇచ్చినవీ చెప్పండి మరి. 2019లో ఎజెకియల్ ఎలియట్‌కి ఇంకా రెండేళ్లు కాంట్రాక్టు ఉండగానే 90 మిలియన్లు. 2023 మార్చిలో తీసేశాం. ట్రెవాన్ డిగ్స్‌కి 2023 జూలైలో 97, సెప్టెంబర్‌లో మోకాలు పోయింది, మొన్న డిసెంబర్ 30న వదిలేశాం. ముందే ఇవ్వడం కూడా జూదమే.

లెక్కల మాస్టారు:
ఒప్పుకుంటాను రాజా. డిగ్స్ విషయంలో నా దగ్గర జవాబు లేదు. కానీ ఎలియట్‌ది ఆలస్యం, తొందర సమస్య కాదు. రన్నింగ్ బ్యాక్‌కి అంత ఇవ్వడమే తప్పు. 26 ఏళ్ల పాస్ రషర్, నాలుగేళ్లలో 52.5 శాక్‌లు చేసినవాణ్ణి ఆ కాటాలో వేయకూడదు.

ఇంకోటి మర్చిపోయాను. మైకా అప్పుడు ఐదో ఏడాది ఆప్షన్ (మొదటి కాంట్రాక్టుకి జట్టు కలుపుకునే అదనపు ఏడాది) మీద ఉన్నాడు, పాత బోనస్ వాయిదాలన్నీ అయిపోయాయి. అందుకే ట్రేడ్ చేస్తే ఒక్క డాలర్ డెడ్ మనీ పడలేదు. అమ్మడానికి అంతకంటే శుభ్రమైన సమయం లేదు, ఆ మాట మాత్రం జెర్రీ వైపు వేయాలి. అయితే అమ్మాలనుకుంటే మార్చిలో అమ్మాలి. అప్పుడైతే 2025 డ్రాఫ్ట్‌కే పిక్‌లు వచ్చేవి, కొత్తవాళ్లు ఏడాది ముందే మైదానంలో ఉండేవాళ్లు.

పద్మజ ప్లేనో:
అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు, కోచ్‌ల సంగతి ఎవరూ ఎత్తరేం? 2023లో డిఫెన్స్ డ్యాన్ క్విన్‌ది. ఆయన వాషింగ్టన్ వెళ్లాక 2024లో మైక్ జిమ్మర్. 2025లో మ్యాట్ ఎబర్‌ఫ్లూస్, ఆయన్ని 2026 జనవరి మొదట్లో పీకేశారు. 2026 సీజన్‌కి ఇంకొకరు. నాలుగేళ్లలో నాలుగో వంటమనిషి. ఒకాయన రొయ్యలు కొనిపించి వెళ్లిపోతాడు, రెండో ఆయన నేను శాకాహారం వండుతానంటాడు.

బ్లాండ్‌నే తీసుకోండి. 2023లో క్విన్ దగ్గర ఐదు ఇంటర్‌సెప్షన్లు తిరిగి టచ్‌డౌన్లు చేసి లీగ్ రికార్డు కొట్టాడు. మనిషికి మనిషి కాపలా కాసే ఆట అతనిది. 92 మిలియన్లిచ్చి ఎబర్‌ఫ్లూస్ జోన్‌లో (మనిషిని కాక చోటుని కాచే పద్ధతి) నిలబెట్టారు. జోన్‌లో వెనక కాచేవాళ్లకంటే ముందు నలుగురూ క్వార్టర్‌బ్యాక్‌ని ఉక్కిరిబిక్కిరి చేయాలి, అదీ అసలు కిటుకు. ముందు నలుగురితో పని కానిచ్చే కోచ్‌ని జనవరిలో తెచ్చుకుని, ఆ నలుగురిలో పెద్దవాణ్ణి ఆగస్టులో అమ్మేస్తారా? ఈ రెండు నిర్ణయాలూ ఒకే ఇంట్లో జరిగాయంటే నమ్మబుద్ధి కాదు.

ఇర్వింగ్ రాజా:
మేడం, ఆ మాటకొస్తే హెడ్ కోచ్ సంగతో? మెకార్తీ ఐదేళ్లలో 49-35, కాంట్రాక్టు అయిపోయాక 2025 జనవరిలో పంపించారు. దేశమంతా డియాన్ సాండర్స్ పేరు జపిస్తుంటే మనవాళ్లు పక్క గదిలో ఉన్న అఫెన్స్ కోచ్ షాటెన్‌హైమర్‌ని పిలిచారు. నేనూ నవ్వాను. కానీ అఫెన్స్ చూశారా ఈ ఏడాది?

పద్మజ ప్లేనో:
చూశాను, నాకాయన మీద కోపమే లేదు. పికెన్స్‌ని మూడో రౌండ్ పిక్‌కి తెచ్చి 1,429 గజాలు రాబట్టుకున్నారు. అది ముమ్మాటికీ మంచి బేరం. కానీ ఆయనకి రోస్టర్ మీద మాట చెల్లుతుందా? చెల్లదు. ఓనరే జనరల్ మేనేజర్ అయిన చోట కోచ్‌కి ఇచ్చిందాంతో వండటమే పని. ఆ పొయ్యి మాత్రం బాగానే వెలిగించాడు.

ఫ్రిస్కో శ్రీను:
మాస్టారి కాలెండర్ మాట నాకు పూర్తిగా ఎక్కింది. 2025 మార్చిలో జెర్రీ, మైకా ఇద్దరే కూర్చుని మాట్లాడుకున్నారు. జెర్రీ లెక్కలో బేరం కుదిరిపోయింది. మైకా లెక్కలో అది కబుర్లు, ఏజెంట్ లేకుండా కాంట్రాక్టు ఏంటని. ఊళ్లో పెద్దమనిషి అరుగు మీద "మాటే కదా" అని తేల్చేసినట్టు. ఆగస్టు 1న మైకా ట్రేడ్ అడిగేశాడు. అక్కడినుంచి డబ్బు కాదు, పంతం నడిచింది.

రాజా, నువ్వన్న బండరాళ్ల సంగతి. క్విన్నెన్ కోసం మన 2026 రెండో రౌండ్ పిక్, 2027 మొదటి రౌండ్ పిక్ ఒకటి, మాజీ స్మిత్ అనే ఆటగాణ్ణి ఇచ్చాం. అంటే మైకాకి వచ్చిన రెండు మొదటి రౌండ్ పిక్‌లలో ఒకటి అప్పుడే ఖర్చయిపోయినట్టే. మూడు ఆటలు గెలిచాం, ఆ తర్వాత లయన్స్ దగ్గర మొదలై మళ్లీ గండి పడింది. మధ్యలో గోడ కట్టి పక్క గేటు తీసి పెట్టాం.

ఇర్వింగ్ రాజా:
సరే అన్నా, 12వ పిక్, ప్యాకర్స్ ఇచ్చిన 20వ పిక్ చేతిలో ఉన్నాయి. ఏప్రిల్‌లో పిట్స్‌బర్గ్‌లో ఇద్దరు డిఫెన్స్ కుర్రాళ్లని తెస్తే అప్పుడు మాట్లాడుకుందాం. మైకాని కూడా 12వ పిక్‌తోనే తెచ్చాం, మర్చిపోకు.

లెక్కల మాస్టారు:
దానికంటే ముందు పికెన్స్ ఉన్నాడు. కాంట్రాక్టు అయిపోయింది. మార్చి మొదటి వారంలోగా ట్యాగ్ వేయాలి, వేస్తారు. అక్కడినుంచి జూలై మధ్య దాకా సమయం ఉంటుంది. ఈలోపు ఇంకెక్కడో ఇంకో రిసీవర్ సంతకం పెడతాడు. నేను తేదీలు గోడమీద రాసి పెట్టుకున్నాను.

గోదారి ప్యాకర్:
మా ఫోన్ నంబర్ మారలేదండీ, మీకు అమ్మాలనిపిస్తే.

ఫ్రిస్కో శ్రీను:
గోదారీ, నీ సంగతి చూస్తా. మా వాడు ఆ 11 జెర్సీ పడుకునేటప్పుడు మాత్రమే వేసుకుంటున్నాడు. పికెన్స్ జెర్సీ కొనమని మొన్న అడిగాడు. జూలై దాకా ఆగరా అన్నాను.