అప్‌డేట్: సుడోకు జవాబు చూపించకుండా రుజువు చేయడం, పేకముక్కలతో

ఇంతకుముందు అడిగాను కదండీ, అమలాపురంలో మా మావయ్యగారు సుడోకు పూర్తి చేశానంటున్నారు, నేనింకా చేస్తున్నాను, జవాబు బయటపెట్టకుండా ఆయన నన్ను నమ్మించే దారి ఉందా అని. మీరు చెప్పిన 2007 నాటి పద్ధతిలో గడికి మూడు ముక్కలు, అంటే 243, ఒక్కో అంకె 27 సార్లు కావాలి కాబట్టి ఏడు పేకలు, పైగా తప్పు జవాబు కూడా దాటిపోయే అవకాశం కొంచెం ఉంటుంది. అందుకే 2018లో ససాకి, మిజుకి, సోనే అనే పరిశోధకులు ఇచ్చిన దారి పట్టాం, దీంట్లో ఆ అవకాశమే లేదు, 90 ముక్కలు చాలు, వెనక డిజైన్ ఒకటే ఉన్న మూడు పేకల్లోంచి ఆసు నుంచి తొమ్మిది దాకా తీస్తే సరిపోయింది.

మావయ్యగారు గడికో ముక్క చొప్పున పెడుతూ, పజిల్‌లో ముందే ఇచ్చిన అంకెలు నాకు చూపించి బోర్లించారు, మిగతావి బోర్లానే పెట్టారు. ఒక వరస తీసుకుని ఒక్కో ముక్క కింద 1 నుంచి 9 వరకు గుర్తు ముక్కలు వరసగా బోర్లించి, జతలు జతలుగా చదివింపుల కవర్లలో పెట్టి కలిపేసి, పై ముక్కలు మాత్రం తెరిస్తే తొమ్మిది అంకెలూ ఒక్కోసారే రావాలి, వచ్చాయి! మళ్ళీ బోర్లించి, కవర్లలో పెట్టి రెండోసారి కలిపాక గుర్తు ముక్కలు తెరిస్తే ఏది ఏ గడిదో తెలిసి వెనక్కి సర్దేయొచ్చు, ఏ గడిలో ఏ అంకె ఉందో మాత్రం నాకు తెలీదు. ఈ రెండోసారి కలపడమే అసలు ప్రాణం అండి, అది వదిలేస్తే మొత్తం బయటపడిపోద్ది. ఇలా వరసలు, నిలువులు, డబ్బాలు కలిపి 27 సార్లు చేశాం.

నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది, నా సుడోకు ఇంకా నాకే మిగిలింది. చెప్పినవాళ్ళందరికీ చాలా థాంక్సండి, ఇప్పుడు కకురో అనే ఇంకో అంకెల పజిల్‌కి ఇలాంటిది చూస్తున్నాం.