కాక్‌టెయిల్ మద్యనిషేధం కన్న బిడ్డేనా?

కర్నూలు సభ్యుడు:
అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం సాగిన కాలంలో, దొంగచాటుగా తయారైన నాసిరకం జిన్ వాసనను కప్పిపుచ్చడానికి నిమ్మరసం, తేనె కలిపారని, కాక్‌టెయిల్ ఆ అవసరం నుంచే పుట్టిందని నా అభిప్రాయం. మంచి సరుకుకు ముసుగు అక్కరలేదు. నేటికీ కాక్‌టెయిళ్లకున్న ఆకర్షణ ఆనాటి రహస్య మద్యశాలల కథలదే తప్ప రుచిది కాదు. కాదనేవారు ఆధారాలతో చెప్పగలరు.

కడప సభ్యురాలు:
మీ వాదన తేదీల దగ్గరే నిలవడం లేదండీ. న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు పత్రిక ఒకటి 1806 మే 13న, పాఠకుడి ప్రశ్నకు జవాబుగా, ఏదైనా మద్యంలో చక్కెర, నీళ్లు, బిట్టర్స్ అనే చేదు మూలికల సారం కలిపిన పానీయమే కాక్‌టెయిల్ అని రాసింది. నేడు ఓల్డ్ ఫ్యాషన్డ్ పేరుతో అడిగి తాగేది దాదాపు ఆ కలయికే. అమెరికా బార్‌టెండర్ జెర్రీ థామస్ ఈ విద్య మీద 1862లోనే పుస్తకం అచ్చువేయించాడు. నిషేధం దీన్ని పుట్టించలేదు, చెదరగొట్టింది. హ్యారీ క్రాడాక్ వంటి ఆరితేరిన పనివాడు అమెరికా వదిలి లండన్‌లోని సవాయ్ హోటల్‌లో చేరి, 1930లో అక్కడి పానీయాలను పుస్తకంగా తెచ్చాడు.

పైగా నిషేధం మా జిల్లా ఎరగనిది కాదు. రాజాజీ ప్రభుత్వం సేలం తర్వాత 1938లో చిత్తూరుతో పాటు కడపలోనూ దాన్ని అమలు చేసింది; 1995లో రాష్ట్రమంతటా మళ్లీ వచ్చింది. నిషేధమే ఇటువంటి విద్యను కనగలిగితే మన దగ్గర రెండుసార్లు పుట్టి ఉండవలసింది.

అనంతపురం సభ్యుడు:
తేదీల విషయంలో కడప వారితో ఏకీభవిస్తాను గాని, 1806 దగ్గర ఆగడం నాకు సమ్మతం కాదు. దానికి ముందుతరం పానీయం పంచ్. ఆ మాట 1632 నాటి ఒక ఉత్తరంలో కనిపిస్తుంది. ఈస్టిండియా కంపెనీకి చెందిన ఒకరు దాన్ని రాసింది పెటపోలిలోని వర్తకుడికి, అంటే మన తీరంలోని నిజాంపట్నానికి. మద్యం, చక్కెర, నిమ్మ, నీళ్లు, సుగంధద్రవ్యం అనే ఐదు దినుసుల వల్లనే ఆ పేరు వచ్చిందని చాలామంది అంటారు. పీపాను సూచించే ఇంగ్లీషు మాట నుంచి వచ్చిందనేవారూ ఉన్నారు. నేను మాత్రం మొదటి పక్షమే.

నా అసలు అభ్యంతరం ముసుగు అనే మాట మీద. ఎండాకాలంలో మా ఊరి నన్నారి షర్బత్ బండి దగ్గర కాసేపు నిలబడి చూడండి. పాకం ఒక చెంచా ఎక్కువైతే గొంతు పట్టేస్తుంది, నిమ్మ ఎక్కువైతే నన్నారి వేరు పరిమళమే తెలియకుండా పోతుంది, పాళ్లు కుదిరినప్పుడు మాత్రం ఆ పరిమళం మరింత పైకి తేలుతుంది. డైకిరీలోనూ రమ్, నిమ్మరసం, చక్కెర మూడే కనుక అందులో నాసిరకం రమ్ దాక్కోవడానికి చోటు లేదు. ఐసుతో గిలకొట్టినప్పుడు కరిగి చేరే నీరు మద్యం ఘాటును తగ్గించి వాసనలను విప్పుతుంది కాబట్టి అదీ ఒక దినుసే. 1806 నిర్వచనంలో నీళ్లు ఊరికే లేవు. ఈ పాళ్లు తెలిసినవారు ఏ ఊళ్లోనైనా అదే రుచి తేగలరు. కాక్‌టెయిళ్లు నిలవడానికి కారణం ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కర్నూలు సభ్యుడు:
పుట్టుక గురించి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ముసుగు మాట మాత్రం పూర్తిగా వదలను. టానిక్ నీళ్లలోని క్వినైన్ మలేరియాకు మందు. ఆ చేదు మింగుడుపడడానికే మన దేశంలోని తెల్లదొరలు దానికి జిన్ జోడించారని చెబుతారు.

కడప సభ్యురాలు:
అలాగైతే అక్కడ ముసుగు మద్యమే అయింది. ఆ జ్వరాల భయం లేని ఊళ్లలో కూడా నేటికీ జనం ఆ చేదునే కోరి అడుగుతున్నారు.