ఇద్దరు పిల్లలతో ఒక్కదాన్నే మస్కట్‌కి: ముగ్గురికీ ఇదే మొదటి విమానం

కోనసీమ అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా ఆయన మస్కట్‌లో అకౌంటెంట్. మాకు ఫ్యామిలీ వీసాలు వచ్చాయి. సంక్రాంతి వెళ్లగానే పిల్లల్ని తీసుకుని నేను ఒక్కదాన్నే బయల్దేరాలి. బాబుకి నాలుగేళ్లు, పాపకి పది నెలలు. నాతో సహా ముగ్గురిలో ఎవరమూ ఇంతవరకూ విమానం ఎక్కలేదు.

మధురపూడి (రాజమండ్రి ఎయిర్‌పోర్టు) నుంచి హైదరాబాద్‌కి ఒక విమానం, అక్కడి నుంచి మస్కట్‌కి ఇంకోటి ఎక్కమని ఆయన అంటున్నారు. మా మావయ్యగారేమో గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ దాకా తోడొచ్చి, శంషాబాద్‌లో దింపి వస్తానంటున్నారు. ఏది నయమో తేల్చుకోలేకపోతున్నాను.

బాబు ఆకాశంలో విమానం కనిపిస్తే చాలు, డాబా మీదికి పరిగెడతాడు. కానీ కుక్కర్ విజిల్ వేస్తే మాత్రం చెవులు మూసుకుని నా వెనక దాక్కుంటాడు. పాప ఇంకా నా పాలే తాగుతోంది, రాత్రిపూట కాస్త ఉగ్గు పెడుతున్నాను. కొత్తవాళ్లు ఎత్తుకుంటే గుక్కపెట్టి ఏడుస్తుంది. నా టెన్షనంతా పాప చెవుల గురించే. పైన గాలి ఒత్తిడికి నొప్పి వస్తుందంటున్నారు కదా. బాబు బాత్రూమ్ అంటే పాపని ఎవరికివ్వాలి? ఇంకోమాట, పక్కింటి పిన్నిగారు ఎక్కేముందు జలుబు సిరప్ కొంచెం పడితే దిగేదాకా నిద్రపోతుందన్నారు. పట్టొచ్చా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

గోదారి గట్టు:

అమ్మా, రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉన్నాయా, విడివిడిగా కొన్నారా? ముందు అది చూడండి. ఒకే టికెట్ అయితే సాధారణంగా లగేజీ మధురపూడిలో ఇచ్చేసి మస్కట్‌లో తీసుకోవచ్చు. అయినా కౌంటర్‌లో ఒకసారి అడిగి, ట్యాగ్ మీద మస్కట్ అని ఉందో లేదో చూసుకోండి. విడివిడి టికెట్లయితే హైదరాబాద్‌లో పెట్టెలు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. జనవరిలో పొద్దున్నపూట పొగమంచు వల్ల మొదటి విమానం ఆలస్యమైతే రెండోది మీకోసం ఆగదు. అలా అయితే మావయ్యగారి మాటే మంచిది. రాత్రి రైల్లో పిల్లలు హాయిగా పడుకుంటారు. సికింద్రాబాద్ నుంచి శంషాబాద్‌కి క్యాబ్ కానీ పుష్పక్ బస్సు కానీ దొరుకుతుంది.

విమానంలోనే వెళ్లేట్టయితే బాబు సంగతి ఒకటి. హైదరాబాద్ వెళ్లేది ఏటీఆర్ అయితే అది ఫ్యాన్ల విమానం, మోత ఎక్కువ. ఫ్యాన్లు రెక్కల దగ్గర ఉంటాయి కాబట్టి వెనక వరుసల్లో సీట్లు తీసుకోండి, మోత కాస్త తక్కువగా ఉంటుంది. పిల్లల ఇయర్‌మఫ్‌లు దొరుకుతాయి. ఇప్పుడే కొని ఇంట్లో కుక్కర్ పెట్టినప్పుడల్లా పెట్టి అలవాటు చేయండి. ఆ విమానం వీడియో కూడా శబ్దంతో సహా చూపించండి. మా వాడికి ఇలాగే చేశాం. ఎక్కేటప్పుడు ఫ్యాన్ చూపించి 'ఇదేనా అరిచేది' అని వాడే అడిగాడు.

విశాఖ తీరం:

నేను పెళ్లికి ముందు కేబిన్ సిబ్బందిలో పనిచేశాను. ఇప్పుడు నాకూ ఇద్దరు పిల్లలు. ఒంటరిగా పిల్లలతో వచ్చే తల్లుల్ని చాలామందిని చూశాను. అందరూ పైకి లేచేటప్పుడే భయపడతారు. చెవికి అసలు ఇబ్బంది దిగేటప్పుడు. అందుకే మీ శక్తినంతా ఆ చివరి అరగంటకి దాచుకోండి.

దిగేటప్పుడు కేబిన్‌లో గాలి ఒత్తిడి పెరుగుతుంది. గొంతు నుంచి చెవిలోకి వెళ్లే సన్నటి గొట్టం తెరుచుకుంటే లోపలా బయటా ఒత్తిడి సమానమవుతుంది. మింగినప్పుడల్లా అది తెరుచుకుంటుంది. పెద్దవాళ్లం ఆవలించో, గుటక వేసో సర్దుకుంటాం. పసిపిల్లలకి ఆ గొట్టం ఇంకా సన్నం, పైగా నిద్రలో గుటకలు తక్కువ. కాబట్టి విమానం దిగడం మొదలైందని చెప్పగానే పాప నిద్రలో ఉన్నా మెల్లగా లేపి పాలు పట్టండి. పాలు తాగినంతసేపూ మింగుతూనే ఉంటుంది. దానికి మించిన మందు లేదు. ఎక్కగానే కడుపునిండా పట్టేస్తే ఆ టైముకి తాగదు, కాస్త ఆకలి ఉంచండి. బాబుకి స్ట్రాతో నీళ్లు ఇచ్చి గుక్కగుక్కగా తాగించండి. అప్పటికీ పాప ఏడిస్తే కంగారు పడకండి. ఏడ్చినా ఆ గొట్టం తెరుచుకుంటుంది.

సీటు విషయం. బాబుకి కిటికీ, మధ్యలో మీరు. రెండేళ్లలోపు పాప మీ ఒళ్లోనే. సిబ్బంది చిన్న బెల్టు ఇస్తారు, అది మీ బెల్టులోంచి దూర్చి పాప నడుముకి పెట్టాలి. మీ బెల్టు లోపలే పాపని కూర్చోబెట్టొద్దు. విమానం ఒక్కసారిగా ఆగితే మీ బరువంతా పాప మీద పడుతుంది. ఒక్కో వరుసలో ఆక్సిజన్ మాస్కులు లెక్కగా ఉంటాయి కాబట్టి ఒకే వైపు ఇద్దరు పసివాళ్లని కూర్చోనివ్వరు. ఆ కారణంగా సీటు మార్చమంటే మారండి, కానీ బాబుని మీ పక్కనే ఉంచమని గట్టిగా అడగండి. మాస్కులు పడే పరిస్థితి వస్తే ముందు మీరు పెట్టుకోవాలి, తర్వాతే పిల్లలకి. తల్లి మనసుకి ఇది కష్టం, అయినా అదే సరైన పద్ధతి.

బాత్రూమ్ కోసం: ఎక్కే ముందు గేటు దగ్గరే బాబుని తీసుకెళ్లండి. ఆ ఒక్కరోజుకి డైపర్ వేసినా తప్పులేదు. విమానంలో అవసరమైతే సీట్ బెల్ట్ లైటు ఆరాక కాల్ బటన్ నొక్కి సాయం అడగండి. పాప ఎవరి దగ్గరా ఉండదంటున్నారు కాబట్టి ముందుకి కట్టుకునే బేబీ క్యారియర్ ఉంటే మీ రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. సెక్యూరిటీ దగ్గర మాత్రం దాన్ని విప్పాల్సి వస్తుంది. సాయం అడగడానికి మొహమాటపడకండి. ఎక్కగానే 'నేను ఒక్కదాన్నే, మాకిది మొదటిసారి' అని చెప్పండి. అలా చెప్పిన తల్లి మీద మేం ఒక కన్నేసి ఉంచేవాళ్లం.

ఉగ్గు పొడి డబ్బాలో తెచ్చుకోండి, వేడినీళ్లు అడిగితే ఇస్తారు. అంతర్జాతీయ ప్రయాణంలో ద్రవాలకి 100 మి.లీ. పరిమితి ఉంది కానీ ప్రయాణానికి సరిపడా పసిపిల్లల పాలు, ఆహారం రానిస్తారు. తనిఖీకి విడిగా తీసి చూపించాలి.

కాకినాడ సిస్టర్:

నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని. సిరప్ మాట మర్చిపోండి, దయచేసి. నిద్ర కోసం పట్టే ప్రోమెథజైన్ రెండేళ్లలోపు పిల్లలకి ఇవ్వకూడదు, ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. జలుబు సిరప్పుల్లో ఎక్కువగా ఉండే క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్లలోపు పిల్లలకి వాడొద్దని లేబుల్ మీద రాయాలని 2023 డిసెంబర్‌లోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. కొందరు పిల్లలకి ఈ మందులతో నిద్ర రాకపోగా చిరాకు ఎక్కువవుతుంది.

ప్రయాణానికి వారం ముందు ఇద్దరినీ డాక్టరుకి చూపించండి. జలుబు, చెవిపోటు ఉంటే దిగేటప్పుడు నొప్పి ఎక్కువగా ఉంటుంది. జ్వరం మందు ఎంత మోతాదులో వేయాలో వాళ్ల బరువు ప్రకారం రాయించుకుని, ఆ చీటీతో పాటు చేతి సంచిలో పెట్టుకోండి.

కోనసీమ అమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. సిరప్ గురించి పిన్నిగారికి కూడా చదివి వినిపించాను. టికెట్లు ఇంకా కొనలేదు. ఒకే టికెట్ మీద దొరికితే విమానం, లేకపోతే గౌతమి అని మా ఆయనా, మావయ్యగారూ ఇద్దరూ ఒప్పుకున్నారు. విశాఖ అక్కా, పెట్టెలో ఆవకాయ, కారప్పొడి, ఎండు కొబ్బరి, గసగసాలు సర్దుతున్నారు మా అత్తయ్యగారు. అన్నీ తీసుకెళ్లొచ్చా? పిల్లల కాగితాలు ఏవేవి దగ్గరుంచుకోవాలి?

విశాఖ తీరం:

ఆవకాయ, కారప్పొడి చెక్-ఇన్ పెట్టెలో, నూనె కారకుండా రెండు కవర్లు చుట్టి పెట్టండి. చేతి సంచిలో వద్దు. ఎండు కొబ్బరి తీసేయించండి. దానిలోని నూనె వల్ల దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. గసగసాలు ఒక్క గింజ కూడా వద్దు. యూఏఈ, సౌదీల్లో వాటిని మత్తుపదార్థంగా చూస్తారు, గల్ఫ్‌లో ఏ దేశానికి వెళ్తున్నా వాటి జోలికి పోకపోవడమే మేలు. పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే ఉండాలి.

ముగ్గురి పాస్‌పోర్టులు, వీసా కాపీలు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, మీ మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీ ఒకే పౌచ్‌లో పెట్టి మెడలో వేసుకోండి. టికెట్ మీద పాప పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. కొన్న రోజే సరిచూసుకుని, తేడా ఉంటే వెంటనే మార్పించండి.