సగం డోపింగ్ మాంగనైట్‌ల మిగిలిన ఫెర్రో: మలినమా, ఫేజ్ సెపరేషనా?

నల్లగొండ_ఎమ్మెస్సీ:
అన్నా, నమస్తే. ప్రాజెక్టు కోసం లాంథనం, కాల్షియం సగం సగం ఉండే మాంగనైట్‌ను (ఒక మాంగనీసు ఆక్సైడు) సోల్-జెల్ పద్ధతిల (ద్రావణాన్ని జెల్ చేసి కాల్చుడు) చేసిన. ఎక్స్‌ఆర్‌డీల (ఎక్స్-కిరణాలతోటి స్ఫటికాన్ని చూసే పరీక్ష) అదనపు పీక్ ఒక్కటీ లేదు. 155 కెల్విన్ కిందికి పోతే యాంటీఫెర్రో (పక్కపక్క పరమాణువుల అయస్కాంతాలు ఎదురెదురు తిరిగి రద్దయ్యే స్థితి) అయ్యి మ్యాగ్నటైజేషన్ పడిపోవాలె కదా, పూర్తిగ పడతలేదు. 5 కెల్విన్ల లూపు (ఫీల్డు మార్చుకుంట మ్యాగ్నటైజేషన్ కొలిచిన గీత) ఒక్కో మాంగనీసుకు 0.7 బోర్ మాగ్నెటాన్ల (పరమాణువు అయస్కాంత బలానికి కొలత) దగ్గర ఆగుతున్నది. చల్లార్చినప్పటి గీత, వేడిచేసినప్పటి గీత కలుస్తలేవు. మా సార్ మలినం ఉంది, మళ్ల చెయ్ అంటున్నరు. ఏం చెప్పాలె?

పాలమూరు_మాంగనైట్:
తమ్మీ, ఎక్స్‌ఆర్‌డీ గది ఉష్ణోగ్రతల తీసినవు. అప్పుడు శాంపిల్ మొత్తం పారా అయస్కాంతమే (ఏ క్రమమూ లేనిదే), విడిపోవుడు అనేదే లేదు. 225 కెల్విన్ దగ్గర ఫెర్రో (పరమాణువుల అయస్కాంతాలన్నీ ఒకే దిక్కు తిరిగేది) అయితది, 155 దగ్గర చార్జ్ ఆర్డర్ (మూడు, నాలుగు వేలెన్సీల మాంగనీసు వరుసగ సర్దుకునుడు), దానితోటి యాంటీఫెర్రో వస్తది. రసాయనం ఒక్కటే అయినా కొన్ని భాగాలు మారుతయ్, కొన్ని ఫెర్రోగనే ఉండిపోతయ్, ఇదే ఫేజ్ సెపరేషన్. వొలాన్, కోహ్లర్ అనే శాస్త్రవేత్తలు 1955లనే న్యూట్రాన్లతోటి ఈ కుటుంబంల రెండు రకాల క్రమాలు పక్కపక్కన ఉండుడు చూసిండ్రు. మొత్తం ఫెర్రో అయితే 3.5 రావాలె. నీకు 0.7, అంటే ఐదో వంతు. గీతలు కలవకపోవుడు ఫస్ట్ ఆర్డర్ మార్పుకు (ఒక్కసారిగ దూకినట్టు జరిగే మార్పు) గుర్తు.

సార్‌కు చూపెట్టే పరీక్ష ఇది: ఒకసారి ఫీల్డు లేకుండ, ఇంకోసారి 5 టెస్లాల 5 కెల్విన్‌కు చల్లార్చు. రెండుసార్లూ 1 టెస్లా దగ్గరనే కొలువు. మలినం అయితే చల్లార్చిన తీరును బట్టి మారదు. ఫేజ్ సెపరేషన్ అయితే ఫీల్డుల చల్లార్చినప్పుడు ఫెర్రో వాటా ఎక్కువ మిగులుతది.

కానీ సార్ మాట కొట్టిపారెయ్యకు. కాల్షియం నైట్రేట్ వాడినవా? వానకాలంల మూత తీస్తే చాలు, పలుకులు చెమ్మపట్టి ముద్దయితయ్. తూకంల నీళ్లు ఎక్కువైతే కాల్షియం తగ్గుతది, డోపింగ్ (కాల్షియం వాటా) 0.5 కిందికి జారుతది, అక్కడ ఫెర్రోదే పైచేయి. ఆరబెట్టిన కాల్షియం కార్బొనేటును నైట్రిక్ ఆసిడ్ల కరిగించి వాడు.

కెమిస్ట్రీ_అక్క:
రేణువు సైజు ఎవ్వరూ అడగలేదేంది? సోల్-జెల్ పొడిని తక్కువ వేడిల ఆపితే నానో రేణువులుంటయ్, చార్జ్ ఆర్డర్ బలహీనపడి ఫెర్రో పెరుగుతది. ఎంతల కాల్చినవ్ తమ్ముడూ? అయోడిన్ టైట్రేషన్ కూడ చెయ్, మాంగనీసుల నాలుగు వేలెన్సీది సగం రావాలె.

నల్లగొండ_ఎమ్మెస్సీ:
900 డిగ్రీలల్ల కాల్చిన అక్కా. కాల్షియం నైట్రేటే వాడిన, అన్నా. సగం పొడి మిగిలింది, దాన్ని 1100ల మళ్ల కాలుస్త. టైట్రేషన్ ఇక్కడ్నే అయితది. 5 టెస్లాకు మాత్రం హైదరాబాదుల టైమ్ అడగాలె.